చందా కట్టినా చిరాకే: ఓటీటీ ప్రేక్షకుల అసహనం ఎక్కడ మొదలైంది?

క్లుప్తంగా: ఓటీటీ చందాలపై వినిపిస్తున్న అసంతృప్తి మొత్తాన్నీ ధరల పెంపు ఖాతాలో వేయడం కుదరదు. సినిమాలు, సీరియళ్లు, క్రికెట్ హక్కులు ఏడెనిమిది సంస్థల మధ్య చీలిపోవడం, డబ్బు కట్టించుకున్న తర్వాత ప్రకటనలు చేర్చడం, పాస్‌వర్డు పంచుకోవడంపై ఆంక్షలు, ఫోను రకాన్ని బట్టి బొమ్మ నాణ్యత తగ్గడం అన్నీ కలిసి ఈ పరిస్థితిని తెచ్చాయి. కేబుల్ చానళ్ల ధరలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు ఉన్నాయి, ఓటీటీ ధరలకు లేవు. తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా చూసే తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ.

కేబుల్ కనెక్షన్ తీసేసి ఓటీటీకి మారిన కుటుంబాలు సాధారణంగా చెప్పే కారణాలు మూడు. అక్కర్లేని చానళ్లకు డబ్బు కట్టే బాధ తప్పుతుంది. నడుమ ప్రకటనలు ఉండవు. తీరిక దొరికినప్పుడు కావలసింది చూసుకోవచ్చు. తిరుపతి కొర్లగుంటలోనైనా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనైనా ఈ మూడింటి మీద ఆశతోనే స్మార్ట్ టీవీలు గోడకెక్కాయి. పదేళ్లు గడిచేసరికి మొదటి రెండూ దాదాపు పోయాయి. మూడోది మిగిలింది, కానీ షరతులతో.

ఈ చిరాకును కేవలం 'రేట్లు పెరిగాయి' అన్న ఫిర్యాదుగా చూస్తే అసలు సంగతి అర్థం కాదు. అంతర్జాతీయంగా పోల్చితే భారత్‌లో ఓటీటీ చవకే. నెట్‌ఫ్లిక్స్ తన స్టాండర్డ్ ప్లానును అమెరికాలో 2025 జనవరిలో నెలకు 17.99 డాలర్లు చేసింది. అదే పేరున్న ప్లాను ఇక్కడ 2021 డిసెంబరులో 649 రూపాయల నుంచి 499కి తగ్గింది. ధర తగ్గించిన సంస్థ మీద కూడా విసుగు ఉందంటే కారణం మరోచోట వెతకాలి. చందా కట్టిన నాడు ఉన్న సరుకు, ఏడాది తిరిగేలోగా అలాగే ఉంటుందన్న భరోసా లేకపోవడమే ఈ అసహనానికి మూలం.

### అరచేతిలో వైకుంఠం చూపిన రోజులు

హాట్‌స్టార్ 2015 ఫిబ్రవరిలో వచ్చింది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, ఆ ఏడాది డిసెంబరులో ప్రైమ్ వీడియో భారత్‌లో అడుగుపెట్టాయి. ఈ రెండింటికీ మధ్య, 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలై మొబైల్ డేటా ధర అమాంతం పడిపోయింది. ఆ తర్వాత సన్ నెక్స్ట్, జీ5 వచ్చాయి. 2020లో తెలుగుకే ప్రత్యేకమంటూ ఆహా మొదలైంది. సరిగ్గా ఆ సమయంలోనే కరోనా వచ్చి థియేటర్లను మూసింది. రెండేళ్లలో ఓటీటీ అలవాటు ఊరూరా పాకింది.

ఆనాటి ధరలు ఖర్చు లెక్కేసి పెట్టినవి కావు. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం మొదట్లో ఏడాదికి 499 రూపాయలకే దొరికింది. అది 999 అయ్యింది, 2021 డిసెంబరులో 1,499కి చేరింది. (ఇందులో వస్తువుల ఉచిత డెలివరీ కూడా కలిసి ఉంటుంది కనుక వీడియో వాటా ఎంతో విడదీసి చెప్పలేం. ఆ కలగాపులగం కూడా వ్యాపార వ్యూహంలో భాగమే.) డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ 2020లో వీఐపీ పేరుతో ఇచ్చిన 399 రూపాయల వార్షిక ప్లానులో క్రికెట్టూ ఉండేది, సినిమాలూ ఉండేవి.

అప్పట్లో సంస్థల విలువను మదుపరులు లాభంతో కొలవలేదు, చందాదారుల సంఖ్యతో కొలిచారు. కాబట్టి నష్టానికైనా సరే జనాన్ని చేర్చుకోవడం సంస్థలకు గిట్టుబాటుగానే కనిపించింది. 2022లో ఈ లెక్క తలకిందులైంది. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో నెట్‌ఫ్లిక్స్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 లక్షల మంది చందాదారులను, తర్వాతి మూడు నెలల్లో మరో 9.7 లక్షల మందిని కోల్పోయింది. అదే కాలంలో వడ్డీ రేట్లు పెరిగి అప్పు ఖరీదైంది. 'ఎంతమంది చేరారు' అన్న ప్రశ్న పోయి 'ఒక్కొక్కరి నుంచి ఎంత వస్తోంది' అన్నది ముందుకొచ్చింది. ఆ నవంబరులోనే నెట్‌ఫ్లిక్స్ అమెరికా సహా కొన్ని దేశాల్లో ప్రకటనలతో కూడిన చవక ప్లాను తెచ్చింది. మిగతా సంస్థలూ ఆ బాట పట్టాయి.

భారత్‌లో ఈ మలుపును క్రికెట్ స్పష్టంగా చూపిస్తుంది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. అందులో డిజిటల్ హక్కుల కోసం, జియోసినిమా యాప్‌ను నడిపిన వయాకామ్18 పెట్టింది 23,758 కోట్లు. అంత పెట్టి కొని, 2023లో జియోసినిమాలో మ్యాచ్‌లను ఉచితంగా చూపించింది. మరుసటి ఏడాదీ అంతే. 2024 ఏప్రిల్‌లో ప్రకటనలు లేని ప్రీమియం ప్లానును నెలకు 29 రూపాయలకే ఇచ్చింది. 2024 నవంబరులో వయాకామ్18, హాట్‌స్టార్‌ను నడిపే స్టార్ ఇండియా వ్యాపారాల విలీనం పూర్తయింది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. 29 రూపాయల ప్లాను ఏడాది కూడా నిండకుండానే చరిత్రలో కలిసింది. ఆ వేసవి ఐపీఎల్‌కు చందా అయినా కట్టాలి, లేదా నిర్ణీత రీఛార్జి అయినా చేయించుకోవాలి అన్నారు.

ఉచితంగా ఇచ్చిన సంస్థ డబ్బు అడగడంలో అన్యాయం ఏమీ లేదు. కానీ రెండేళ్లు ఉచితంగా చూసిన ప్రేక్షకుడికి ఆ మ్యాచ్ అసలు విలువ ఎంతో తెలిసే అవకాశమే ఇవ్వలేదు. సున్నా నుంచి మొదలైన ధర ఎంతకు పెరిగినా ఎక్కువగానే కనిపిస్తుంది.

### ఒక ఇంటి లెక్క

2025 నాటి ప్రకటిత ధరలతో ఒక మధ్యతరగతి ఇంటి ఖర్చు ఎలా ఉంటుందో చూద్దాం. ప్రైమ్ వార్షిక సభ్యత్వం 1,499. జియోహాట్‌స్టార్ ప్రీమియం ఏడాదికి 1,499. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ నెలకు 499 చొప్పున 5,988. మూడూ కలిపితే 8,986 రూపాయలు. ప్రైమ్‌లో ప్రకటనలు వద్దనుకుంటే మరో 699 చేరి 9,685 అవుతుంది. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5, సోనీలివ్ ఇంకా ఈ పద్దులోకి రాలేదు.

వీటన్నిటికీ కింద ఇంటర్నెట్ ఖర్చు ఉంటుంది. హెచ్‌డీ నాణ్యతలో గంట వీడియోకు సుమారు 3 జీబీ డేటా పడుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు ఏడు జీబీ దాటుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ ఇచ్చే మొబైల్ ప్యాకులతో అది అయ్యే పని కాదు. కాబట్టి టీవీలో చూడాలంటే ఇంటికి ఫైబర్ కనెక్షన్ తప్పనిసరి. మొబైల్ రీఛార్జి ధరలను ప్రధాన టెలికాం సంస్థలు 2024 జూలైలో పెంచిన సంగతీ తెలిసిందే. కేబుల్ రోజుల్లో బొమ్మ, దాన్ని మోసుకొచ్చే తీగ రెండూ ఒకే బిల్లులో ఉండేవి. ఇప్పుడు తీగకు ఒక బిల్లు, బొమ్మకు నాలుగు బిల్లులు. విడివిడిగా చూస్తే చిన్న మొత్తాలే కానీ కలిపి చూసేసరికి తడిసి మోపెడవుతున్నాయి.

### నాలుగు చానళ్లు, నాలుగు యాప్‌లు

చీలిక ఎంత ముదిరిందో తెలుగు టీవీ చానళ్లను చూస్తే సులభంగా అర్థమవుతుంది. స్టార్ మా సీరియళ్లు, బిగ్‌బాస్ జియోహాట్‌స్టార్‌లో ఉంటాయి. జీ తెలుగు కార్యక్రమాలు జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో దొరుకుతాయి. అత్తగారికి ఒక చానల్ సీరియల్, కోడలికి మరో చానల్ వంటల కార్యక్రమం, పిల్లలకు ఇంకో చోట పాటల పోటీ కావాలంటే కేబుల్‌లో రిమోట్ మీద అంకె నొక్కితే సరిపోయేది. ఇప్పుడు ఒక్కోదానికి ఒక యాప్, ఒక లాగిన్, ఒక గడువు తేదీ.

సినిమాల విషయంలో చిక్కు ఇంకా లోతుగా ఉంది. తెలుగు నిర్మాత తన సినిమాను ముక్కలుగా అమ్ముతాడు. థియేటర్ హక్కులు ప్రాంతాలవారీగా, శాటిలైట్ హక్కులు టీవీ చానల్‌కు, డిజిటల్ హక్కులు ఓటీటీకి, పాటలు ఆడియో సంస్థకు, డబ్బింగ్ హక్కులు భాషలవారీగా పోతాయి. అలా అమ్మితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. పైగా డిజిటల్ హక్కులు చాలావరకు కొన్నేళ్ల గడువుతోనే అమ్ముడవుతాయి. గడువు తీరగానే సినిమా ఆ యాప్‌లోంచి మాయమై మరో యాప్‌లో తేలుతుంది, లేదా ఎక్కడా తేలదు. అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ కార్యక్రమాల ప్రయాణం ఇందుకు తగిన ఉదాహరణ. 2023 మార్చి 31 వరకు అవి హాట్‌స్టార్‌లో ఉన్నాయి. తర్వాత జియోసినిమాకు వెళ్లాయి. రెండు సంస్థలూ కలిసిపోవడంతో మళ్లీ హాట్‌స్టార్ పేరున్న గూటికే చేరాయి. వాటి కోసం మధ్యలో చందా మార్చుకున్నవారికి దక్కింది రెండు బిల్లులు మాత్రమే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ ముక్కల లెక్కకు భాష కూడా తోడవుతుంది. చిత్తూరు నుంచి వేలూరు దగ్గర. కుప్పం రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉంది. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తెలుగు, తమిళం రెండూ ఇంట్లో మాట్లాడుకునే కుటుంబాలు కోకొల్లలు. పలమనేరు దాటితే కన్నడం వినిపిస్తుంది. ఇక్కడి ప్రేక్షకుడికి తమిళ సినిమాను తమిళంలోనే చూడటం కొత్తేమీ కాదు. అదే సినిమాను ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెలుగులో పెట్టాల్సి రావచ్చు.

హక్కులు భాషలవారీగా అమ్ముడైన చోట ఈ రెండు రూపాలూ ఒకే యాప్‌లో ఉంటాయన్న నమ్మకం లేదు. తమిళ మాతృక ఒక సంస్థ దగ్గర, తెలుగు డబ్బింగ్ ఇంకో సంస్థ దగ్గర ఉన్న సందర్భాలు తక్కువేమీ కావు. ఆహా వంటి తెలుగు వేదికలు తమిళ, మలయాళ సినిమాల తెలుగు డబ్బింగ్ హక్కులను విడిగా కొంటుంటాయి. ఒక్క భాషకే పరిమితమైన ఊళ్లో ఉండే ప్రేక్షకుడికి ఈ తేడా తెలియకపోవచ్చు. సరిహద్దు ఊళ్లలో అది నేరుగా జేబు మీద పడుతుంది. మార్కెట్‌ను భాషల గీతలతో కోసే లెక్క, గీత మీదనే కాపురం ఉండే జనాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోదు.

పోలికకు ఒక స్థానిక ఉదాహరణ దగ్గరలోనే ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో ప్రారంభించిన శ్రీవేంకటేశ్వర భక్తి చానల్ శ్రీవారి కల్యాణోత్సవాన్ని, బ్రహ్మోత్సవ వాహన సేవలను టీవీలో, యూట్యూబ్‌లో ఉచితంగా చూపిస్తుంది. తర్వాత తమిళ, కన్నడ, హిందీ ప్రసారాలూ వచ్చాయి. దేవస్థానానికి లాభాపేక్ష లేదు కనుక దాన్ని వ్యాపార సంస్థలతో పోల్చడం పూర్తిగా సరికాదు. కానీ ఒకే దృశ్యాన్ని నాలుగు భాషల్లో అందించడం సాంకేతికంగా కష్టమేమీ కాదని మాత్రం అది చూపిస్తోంది. ఓటీటీల్లో అడ్డుపడుతున్నది సాంకేతికత కాదు, ఒప్పందాలు.

### కట్టిన తర్వాత మారే షరతులు

ప్రైమ్ వీడియో 2025 జూన్ 17 నుంచి భారత్‌లో ప్రకటనలు మొదలుపెట్టింది. సభ్యత్వం ధర పెంచలేదు. ప్రకటనలు వద్దనుకునేవారు నెలకు 129 లేదా ఏడాదికి 699 రూపాయలు అదనంగా కట్టాలంది. సంస్థ దృష్టిలో ఇది కొత్త ఎంపిక. ఏడాదికి ముందే డబ్బు కట్టినవారి దృష్టిలో మాత్రం, నిన్నటిదాకా ఉన్నదాన్ని తీసేసి మళ్లీ దానికే ధర చెప్పడం. అసహనం రగిలేది సరిగ్గా ఇక్కడే. జియోహాట్‌స్టార్‌లోనూ ప్రకటనలు లేకుండా చూడాలంటే ప్రీమియం ప్లానే తీసుకోవాలి, అందులోనూ క్రీడల ప్రత్యక్ష ప్రసారాలకు మినహాయింపు లేదు.

పాస్‌వర్డు సంగతి మరో తరహా. 2023 జూలై 20 నుంచి నెట్‌ఫ్లిక్స్ ఒక ఖాతా ఒక ఇంటికే అన్న నిబంధనను భారత్‌లో అమలు చేయడం మొదలుపెట్టింది. ప్రైమ్ 2025 జనవరి నుంచి పరికరాలను ఐదుకు, వాటిలో టీవీలను రెండింటికి పరిమితం చేసింది. 'ఇల్లు' అంటే ఏమిటో నెట్‌ఫ్లిక్స్ నిర్వచించింది: ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌పై ఉన్న పరికరాలు. తిరుపతిలో ఈ నిర్వచనం పొసగదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్, వైద్య కళాశాలలు, కోచింగ్ కేంద్రాల చుట్టూ వేలాది మంది విద్యార్థులు హాస్టళ్లలో ఉంటారు. తండ్రి పలమనేరులో చందా కడితే కూతురు తిరుపతి హాస్టల్లో చూస్తుంది. రేషన్ కార్డులో వాళ్లది ఒకే కుటుంబం, యాప్ లెక్కలో రెండు. పంచుకోవడాన్ని సంస్థలు తొలినాళ్లలో చూసీచూడనట్టు వదిలేశాయి, అలా అలవాటు చేశాయి కూడా. అప్పుడు దాని పేరు ప్రచారం, ఇప్పుడు దొంగతనం.

మూడో షరతు కంటికి కనిపించదు. బొమ్మ మసకగా వస్తే అందరూ ముందు ఇంటర్నెట్‌ను అనుమానిస్తారు. చాలాసార్లు కారణం పరికరంలో ఉంటుంది. సినిమాలను కాపీ కొట్టకుండా ఆండ్రాయిడ్ పరికరాల్లో వైడ్‌వైన్ అనే గూగుల్ రక్షణ వ్యవస్థ పనిచేస్తుంది. అందులో ఎల్1 స్థాయి ఉన్న ఫోను, టీవీలకే ప్రధాన ఓటీటీలు హెచ్‌డీ, 4కే పంపుతాయి. ఎల్3 స్థాయికే పరిమితమైన చవక ఫోన్లు, పేరులేని టీవీ బాక్సుల్లో సాధారణంగా 480పీ దగ్గరే ఆగిపోతుంది. పెద్ద ప్లాను కట్టినా, ఫైబర్ వేయించినా ఫలితం ఉండదు. కంప్యూటర్ బ్రౌజర్లలోనూ ఇలాంటి పరిమితులే ఉన్నాయి. చందా కట్టేటప్పుడు 'మీ పరికరంలో ఈ నాణ్యత రాదు' అని ముందే చెప్పే ఏర్పాటు ఉంటే సగం గొడవ తగ్గేది. హక్కుదారుల కాపీ భయానికి మూల్యం చెల్లిస్తున్నది చవక ఫోను కొన్న చందాదారు. పైరసీ కాపీకి మాత్రం ఈ తాళాలేవీ అడ్డు రావు.

### కేబుల్‌కు ఉన్నది, ఓటీటీకి లేనిది

కేబుల్ వ్యవస్థను పొగడాల్సిన పని లేదు. అక్కర్లేని చానళ్ల గుత్తులు అంటగట్టడం, రసీదు ఇవ్వకపోవడం, వాన పడితే సిగ్నల్ పోవడం అందరికీ గుర్తున్నవే. అయినా 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ టారిఫ్ విధానం అక్కడ కొన్ని హక్కులను రాతపూర్వకం చేసింది. ప్రతి పే చానల్‌కూ విడి ధర ప్రకటించాలి. ఆ ధర నిర్ణీత పరిమితి దాటితే (ఇప్పుడది 19 రూపాయలు) ఆ చానల్‌ను గుత్తిలో చేర్చకూడదు. కావలసిన చానల్ ఒక్కటే తీసుకునే హక్కు ప్రేక్షకుడికి ఉంది. తొలి 100 చానళ్లకు ఆపరేటరు తీసుకునే నెట్‌వర్క్ రుసుము అప్పట్లో గరిష్ఠంగా 130 రూపాయలు, పన్ను అదనం. 2024 జూలైలో ఈ నెట్‌వర్క్ రుసుముపై గరిష్ఠ పరిమితిని ట్రాయ్ తొలగించింది కనుక అక్కడా కట్టు కొంత సడలింది. ప్రకటనల విషయంలో గంటకు 12 నిమిషాలకు మించరాదన్న నిబంధన ఉంది. చానళ్లు దాన్ని న్యాయస్థానంలో సవాలు చేశాయి, పాటింపు అంతంతమాత్రమే. అయినా ప్రశ్నించడానికి పుస్తకంలో ఒక గీత అంటూ ఉంది.

ఓటీటీలు ఈ చట్రానికి బయట ఉన్నాయి. 2020 నవంబరులో వాటిని కేంద్ర సమాచార, ప్రసార శాఖ పరిధిలోకి తెచ్చారు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు వయసువారీ వర్గీకరణ, మూడంచెల ఫిర్యాదుల విధానం పెట్టాయి. అవన్నీ ఏం చూపిస్తున్నారన్న దాని గురించే. ఎంతకు చూపిస్తున్నారు, మధ్యలో ఎన్ని ప్రకటనలు వేస్తున్నారు, చందా గడువు మధ్యలో షరతులు మార్చవచ్చా అన్న ప్రశ్నలు వాటి పరిధిలోకి రావు. 2023 నవంబరులో విడుదలైన ప్రసార సేవల బిల్లు ముసాయిదా ఓటీటీలను కలుపుకొంది. దానిపై సాగిన చర్చ కూడా ప్రధానంగా కంటెంట్ నియంత్రణ చుట్టూనే తిరిగింది. 2024 ఆగస్టులో మలి ముసాయిదాను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

ధరల నియంత్రణ వద్దన్న వాదనలోనూ బలం ఉంది. పోటీ ఉన్న మార్కెట్లో నచ్చకపోతే మానేయవచ్చు, ప్రభుత్వం ధర కడితే కొత్త సినిమాలపై పెట్టుబడి తగ్గుతుంది అంటారు. గుత్తిలో చేర్చే కేబుల్ చానళ్లకు ధర పరిమితి పెట్టినప్పుడు పేరున్న చానళ్లు చాలావరకు సరిగ్గా ఆ పరిమితి దగ్గరకే చేరి కూర్చున్నాయన్నదీ నిజమే. కానీ పోటీ అన్న మాట ఇక్కడ పూర్తిగా వర్తించదు. బియ్యం ఒక దుకాణంలో ప్రియమైతే మరో దుకాణంలో కొనవచ్చు. ఒక సినిమా హక్కు ఒకే యాప్‌ది అయినప్పుడు పక్క యాప్ ఎంత చవకైనా ఉపయోగం లేదు. ధర మీద పరిమితి అక్కర్లేకున్నా, కట్టించుకున్న గడువు తీరేదాకా షరతులు మార్చకూడదన్న కనీస నియమం అడగడం అత్యాశేమీ కాదు.

వినియోగదారుల చట్టం కొంత ఆసరా ఇస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న యాప్‌లు, వెబ్‌సైట్లలో వినియోగదారును ఏమార్చే 13 రకాల మోసపు రూపకల్పనలను (డార్క్ ప్యాటర్న్‌లను) నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చేరడం తేలిక చేసి మానుకోవడం కష్టం చేసే చందా ఉచ్చు వాటిలో ఒకటి. చివరి తెరపై రుసుములు పెంచడం మరొకటి. 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వివాదాలకు రుసుము లేదు. అయితే 149 రూపాయల చందా కోసం కుప్పం నుంచి చిత్తూరుకు బస్సెక్కేవారు ఎందరుంటారు? నష్టం ఒక్కొక్కరికీ చిన్నది కావడం, మొత్తంగా పెద్దది కావడం ఈ వ్యాపారానికి సహజ రక్షణ కవచం.

ఆచరణలో చందాదారుకు గట్టిగా పనికొచ్చే రక్షణ ప్రసార శాఖ నుంచి రాలేదు, రిజర్వు బ్యాంకు నుంచి వచ్చింది. 2021 అక్టోబరు 1 నుంచి ఆటోపే చెల్లింపులకు తొలిసారి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. ప్రతిసారీ డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం పంపాలి. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి ఏ అనుమతినైనా రద్దు చేసుకోవచ్చు, ఓటీటీ సంస్థను బతిమాలనక్కర్లేదు. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. అనుమతి రద్దు చేసేదాకా కోత సాగుతూనే ఉంటుంది.

### ప్రేక్షకుడు ఎటు పోతున్నాడు?

తేలికగా దొరికిన దారి చందాలను వంతులవారీగా కట్టడం. ఒక నెల ఒక యాప్, చూడాల్సినవి చూసేసి మరో నెల ఇంకోటి. సంస్థలకు ఇది తలనొప్పి. అందుకే వార్షిక ప్లానుకు తగ్గింపులు, వారానికో ఎపిసోడ్ విడుదలలు పెరిగాయి. మొత్తం సిరీస్ ఒకేసారి వదిలితే నెలలో చూసేసి వెళ్లిపోతారన్న భయం వాటి వెనక ఉంది.

థియేటర్‌తో ఉన్న సంబంధమూ మారుతోంది. తెలుగు సినిమా చాలావరకు నాలుగైదు వారాల్లో ఓటీటీకి వస్తోంది. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించిన అంశాల్లో ఈ వ్యవధి ఒకటి, పెద్ద సినిమాలకు 8 వారాలు ఉండాలన్న మాట అప్పుడే గట్టిగా వినిపించింది. కరోనా కాలంలో ఓటీటీలు హక్కులకు భారీగా చెల్లించాయి. ఇప్పుడు ఆచితూచి కొంటున్నాయి. పెద్ద సినిమాలకు తొలి రోజుల్లో టికెట్ ధర పెంచుకునేందుకు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వులు ఇవ్వడం ఆంధ్రప్రదేశ్‌లో మామూలైంది. టికెట్‌కూ చందాకూ రెండింటికీ పెట్టలేని కుటుంబం ఏదో ఒకటి వదులుకుంటుంది, ఎక్కువగా వదులుకునేది థియేటర్‌నే.

ఆ రెండూ వదులుకున్నవారి దారి పైరసీ. 2025 నవంబరులో తెలుగు సినిమాల పైరసీ సైటు నిర్వహిస్తున్నాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు, సామాజిక మాధ్యమాల్లో అతనిపై సానుభూతి వ్యక్తమైంది. పైరసీ నేరమన్న సంగతి తెలియక కాదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా ఉంది. అలాంటి సైట్లలో వ్యక్తిగత సమాచారం దొంగల పాలయ్యే ప్రమాదమూ ఉంది. అయినా సానుభూతి వచ్చిందంటే, ఒకే చోట అన్నీ దొరకడం ఎంత అరుదైపోయిందో అది చెబుతోంది. డబ్బు కట్టినవాడి కంటే కట్టనివాడికే వెతుకులాట తక్కువగా ఉండటం ఈ రంగం ఎదుర్కోవాల్సిన అసలు సమస్య, దాన్ని పోలీసు కేసులు పరిష్కరించలేవు.

ఇక గుత్తులు తిరిగొస్తున్నాయి. టెలికాం సంస్థలు రీఛార్జితో ఓటీటీని కలిపి ఇస్తున్నాయి, అయితే వాటిలో చాలావరకు మొబైల్‌కు పరిమితమైన చందాలే, టీవీలో పనిచేయవు. పదీ ఇరవై యాప్‌లను ఒకే ధరకు ఇచ్చే సేవలు వచ్చాయి. ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు కూడా ఫైబర్ నెట్, చానళ్లు, ఓటీటీలు కలిపి కాంబో ప్యాకులు అమ్ముతున్నారు. ఏపీ ఫైబర్‌నెట్ 2017లోనే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు అందించింది. 2023లో సినిమా విడుదల రోజే ఇంట్లో 99 రూపాయలకు 24 గంటలు చూసే పథకమూ మొదలుపెట్టింది. అందులోకి పెద్ద సినిమాలు వరసకట్టలేదు, హక్కుల విలువ దగ్గరే ఆ ఆలోచన ఆగింది.

కాంబోలతో లాగిన్లు తగ్గుతాయి, బిల్లు ఒకటవుతుంది, సిగ్నల్ పోతే తలుపు తట్టడానికి వీధిలోనే ఒక మనిషి దొరుకుతాడు. కానీ ఆ ప్యాకులోని చానళ్లకు ట్రాయ్ టారిఫ్ వర్తిస్తుంది, యాప్‌లకు వర్తించదు. ఒక చానల్ వద్దంటే దాని ధర ఎంతో ఆపరేటరు చూపించాలి. ఒక యాప్ ప్యాకు మధ్యలో తొలగిపోతే, లేదా అందులో ప్రకటనలు మొదలైతే బిల్లులో ఎంత తగ్గాలో అడిగేందుకు ఆ టారిఫ్ పుస్తకంలో పేజీ లేదు.